రాణి చెయ్యి, గడి వాకిలి

ఊరూరా తిరిగి కథలు చెప్పుకునే నేను పోర్చుగల్ రాజు కథను సిరిసిల్లలో ఒక తీరుగా, కోరుట్లలో ఒక తీరుగా చెప్పేవాణ్ని. అసలు సంగతి కొంచెమే. ఆరువందల ఏళ్లకు పైమాట. యువరాజు మనసుపడ్డ ఆమెను అతని తండ్రే చంపించాడు. కొడుకు గద్దెనెక్కాక శవాన్ని తవ్వి తీయించి, కిరీటం పెట్టి, సింహాసనం మీద కూర్చోబెట్టి, సర్దారులందరి చేత ఆ చేతికి ముద్దు పెట్టించాడట. చరిత్ర రాసేవాళ్లు ఇది కట్టుకథ అంటారు. నాకు నచ్చిందీ అందుకే. రాణి చీర మన మగ్గం మీదే నేశారని సిరిసిల్లలో అంటే, ఏ వాడకట్టులో అని ఒకాయన అడిగాడు. కోరుట్లలో శవం కనురెప్ప కదిలించాను.

ఒక్కసారి మాత్రం ఆ కథను పనిబెట్టుకుని చెప్పాను, రాయికల్ దగ్గరి మా ఊళ్లో, మా మేనత్తకు. షుగరుతో ఆమె అరికాలు పుండై మానింది. మళ్లీ ఒక్క ముల్లు దిగినా పాదం తీసేయాల్సి వస్తుందని జగిత్యాల డాక్టర్ గట్టిగా చెప్పాడు. అత్త అంతటా చెప్పులు వేసుకునేది, ఒక్క దొర గడి, కోటలాంటి ఆ పాత బంగళా ముందు తప్ప. అక్కడికి రాగానే విడిచి చేత పట్టుకునేది. అక్కడ చెప్పులతో నడిస్తే కొట్టించే దొర పోయి ఇరవై ఏళ్లు. తలుపుకు తుప్పుపట్టిన తాళం, ముందర దారి నిండా తుమ్మముళ్లు.

అత్త బీడీలు చుడుతూనే కథంతా విన్నది. ముద్దు దగ్గర మాత్రం కత్తెర చాటలో పెట్టింది.

"ఆమె సచ్చిపోయిందని గాళ్లకు ఎరుకలేదారా?"

"ఎరుకే అత్తా. అయినా వంగిన్రు."

"ఎవలకు భయపడి?"

"పక్కన నిలబడ్డ రాజుకు."

అత్త కత్తెర మళ్లీ అందుకుంది. "నయమే. గాళ్లకు భయపెట్టెటోడన్న బతికుండె."



తెల్లారి బీడీలు అప్పజెప్పడానికి పోతుంటే నేనూ వెంట నడిచాను. గడి వాకిలి ముందు అత్త ఆగింది. చెప్పుల్లో వేళ్లు ముడుచుకున్నాయి. ఒక కాలు సగం బయటికి వచ్చింది, మళ్లీ లోపలికి పోయింది. నా భుజం గట్టిగా పట్టుకుని, తల వంచుకునే కదిలింది.

"పైన కిటికిల ఎవలన్న ఉన్నరా, సూడు."

"ఎవలు లేరు అత్తా, నడువు."

చెప్పులతోనే దాటింది. పాదం ఈనాటికీ ఉంది.

ఎన్నో అబద్ధాలు ఆడినవాణ్ని. ఆ రోజు కిటికీలో ఎవరూ లేరని నేను చెప్పింది నిజమే అయి ఉంటుంది. కాకపోతే నేను తలెత్తి చూడలేదు.