నేను చచ్చిపోతే ఎవరూ ఏడవలేదు

మొన్న మా ఇంట్లో టీవీ ముందు చిన్నపాటి రణరంగమే జరిగింది. వారానికొకసారి వచ్చే సీరియల్లో పెద్దకోడలి వేషం వేస్తున్న అమ్మాయిని ఉన్నట్టుండి తీసేసి, అవే నగలూ అదే చీరా మరో అమ్మాయికి తగిలించి నిలబెట్టేశారు. ఇంకేముంది, మా వీధి ఆడవాళ్ళంతా ఆ కొత్తపిల్ల మీద పడ్డారు. ముక్కు బాగులేదన్నారు, మగరాయుడి నడకన్నారు, అత్తగారు అన్నేసి మాటలంటుంటే కంట తడైనా లేదేమిటన్నారు. బి.ఏ. దాకా చదివి, ఆ చదువుతో వాదించడం తప్ప మరేమీ చెయ్యని నేనొక్కర్తినే కొత్తపిల్ల తరఫున గొంతు చించుకుంటున్నాను. ఎలమంచిలి నుంచి చుట్టపుచూపుగా వచ్చిన మా వదిన, అంటే మా మేనత్త కూతురు, పేము కుర్చీలో కూర్చుని ఆకూవక్కా నములుతూ, “నువ్వేటన్నా సెప్పు మరదలా, పాత పిల్లే బాగున్నాది” అని తేల్చేసింది. ఆ మాట ఇంకెవరన్నా ఊరుకునేదాన్ని. ఈవిడ అనేసరికి నలభై ఏళ్ళనాటి మంట మళ్ళీ రాజుకుంది.

యుద్ధం ముగిసినా కిరసనాయిలుకి ఇంకా కటకటగానే ఉన్న రోజులవి. మా అనకాపల్లిలో కొత్తబెల్లం దిగి రైతుల చేతుల్లో నాలుగు డబ్బులాడే వేళ చూసుకుని ఒక నాటకాల కంపెనీ వచ్చింది. బెల్లం బజారు వెనక ఖాళీ స్థలంలో డేరా వేసి, ఒకే కథని ముక్కలు చేసి రోజుకో ముక్క ఆడేవారు. సీరియల్ అనే మాట అప్పటికి మాకు తెలియదు గానీ తర్వాతేం జరుగుతుందోనన్న ఆత్రం మాత్రం ఇదే. ఒక రాజుకి ఇద్దరు రాణులు, పెద్దరాణికి లేకలేక పుట్టిన కూతురు, ఆ కూతురికి చిన్నరాణి విషం పెట్టడం, ఆఖరి రోజున ఆ పిల్ల తల్లి ఒళ్ళో ప్రాణం విడవడం, ఇదీ కథ. రాణులిద్దరూ మగవాళ్ళే. తెల్లారితే నూతి దగ్గర చర్చంతా వాళ్ళ మీదే. పెద్దరాణికి దున్నపోతు మెడ అని ఒకరు, చిన్నరాణే అందగత్తె కాబట్టి ఇద్దరినీ తారుమారు చెయ్యాలని ఒకరు, విషం పెట్టే మనిషికి అంత అందమెందుకని మా నాయనమ్మ. చేదలు నూతిలోనే ఉండిపోయేవి గానీ ఆ తగువు తేలేది కాదు.

ఆ కంపెనీకి ఒక పద్ధతి ఉండేది. ఏ ఊరు వెళితే ఆ ఊరి పిల్లనే రాజకుమార్తె వేషానికి తీసుకునేవారు. తమ పిల్ల ఆడుతోందంటే చుట్టపక్కాలంతా టిక్కెట్లు కొంటారు కదా! కంపెనీ హార్మోనియం మేష్టారు మా వీధి పిల్లలందరినీ వరసగా నిలబెట్టి పరీక్ష పెట్టాడు. నేను పాటంతా ఒక్క మాట తప్పకుండా, బజారు చివరికి వినబడేలా పాడాను. అప్పట్లో మా పక్కింట్లోనే ఉండే మా వదిన రెండో చరణం మరిచిపోయి, తల వంచుకుని నవ్వింది. ఆ నవ్వుకే వేషం ఇచ్చేశాడు. “గొంతు నీది బాగుందమ్మా, మొహం ఆ అమ్మాయిది బాగుంది” అని నాకు చెప్పాడు, ఏదో ఉపకారం చేస్తున్నట్టు. దర్జీ సాయిబు గారు మా మండువాలో కూర్చుని దానికి కొలతలు తీసి, జరీ అంచు ముఖమల్ పరికిణీ కుడుతుంటే, సూదిలో దారం ఎక్కించి ఇచ్చే పని నాకు పడింది. ఆ పరికిణీ ఆకుపచ్చ రంగు ఇప్పటికీ నా కళ్ళలోనే ఉంది. రోజూ స్టేజీ మీద మా వదిన మాట మరిచిపోయేది, జనం చప్పట్లు కొట్టేవారు. ఆ మాట నేను జనంలోంచి అందించేదాన్ని, వాళ్ళు నన్ను నోరుముయ్యమనేవారు.

ఆఖరి రోజు మధ్యాహ్నం మా మేనత్తకి ఎవరో కథ చివర ఏమవుతుందో చెప్పారు. ఇంకేం, అపర కాళి అయిపోయింది. “నా పిల్లని శవంలాగ పడుకోబెట్టి మీరు ఏడుత్తారా? ఎవులి పిల్లనైనా సంపుకోండి, నా పిల్ల మాత్రం సావదు!” అని, కంపెనీ మేనేజరు మొహం మీదే తలుపు వేసింది. పరికిణీ మాత్రం బయటికి పడేసింది. ఆ పరికిణీ పట్టుకుని అతను అరుగు మీద కూలబడితే నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఆ రోజు వేషానికి పాట లేదు, మాట లేదు, గొంతుతో పనే లేదు. అయినా వేషం వేషమే. మా అమ్మ పురిటికి నాతవరం వెళ్ళింది కాబట్టి అడ్డుపడేది నాయనమ్మ ఒక్కర్తే. “కలలో సచ్చిపోతే ఆయుష్షు పెరుగుతాదని నువ్వే అన్నావు కదే, నాటకంలో సచ్చిపోతే ఇంకా పెరగదేటి?” అని తగులుకున్నాను. చివరికి నాయనమ్మ ఒక్క షరతు పెట్టి ఒప్పుకుంది. చచ్చిపోయినవాళ్ళని పడుకోబెట్టినట్టు దక్షిణానికి తల పెట్టకూడదు, కావలిస్తే కాళ్ళు పెట్టుకోండి అంది. మేనేజరు సరేనన్నాడు.

కొంప ముంచింది ఆ సరేనే. పెద్దరాణి పీట స్టేజీకి దక్షిణం వైపుంది. తల ఒళ్ళో పెట్టుకుని ఏడవాల్సిన రాణి నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టాడు. నా మొహమేమో అవతల తెర నీడలో ఉండిపోయింది. ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో అరిచారు: “ఓలమ్మా రాణీ, కాళ్ళట్టుకుని ఏడుత్తావేటి? మొహం సూపించు, కడసారి సూసుకుంటాం!” పాపం, రాణి నన్ను ఇటు తిప్పాడు. అంతే, డేరా ఎగిరిపోయేంత గోల.

“ఈ పిల్ల కాదు! మా పిల్లేదీ?”

“ఆ నల్లపిల్లెవుర్రా? పిల్లని మార్చీసేరు!”

చాప మీద మేనత్త పక్కన కూర్చున్న మా వదినని పదిమందీ లేవనెత్తి నిలబెట్టారు. జనం ఒకటే అరుపులు. రాణి వేషగాడు ఆరితేరినవాడు. క్షణం ఆలోచించి నా కాళ్ళు దించేసి లేచి నిలబడ్డాడు. విషం తాగింది దాసీ పిల్లట, చిన్నరాణిని నమ్మించడానికి రాజకుమార్తె బట్టలు దానికి కట్టారట, అసలు బిడ్డ క్షేమమట! అప్పటికప్పుడు అల్లేశాడు. మా వదినని చేతుల మీదుగా స్టేజీ ఎక్కించారు. రాణి దాన్ని గుండెకి హత్తుకుని ఆనందబాష్పాలు రాల్చాడు, జనం ఈలలు వేశారు, కన్నీళ్ళు పెట్టుకున్నారు. మా మేనత్త అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. నేను లేవబోతే హార్మోనియం మేష్టారు పళ్ళ మధ్య నుంచి, “కదలకు, నువ్వు చచ్చిపోయావు” అన్నాడు. ఆ ఆకుపచ్చ పరికిణీలో, రాజకుమార్తెగా పడుకుని దాసీ పిల్లనై, తెర పడేదాకా పక్కనే దాని కాలిపట్టీల చప్పుడు వింటూ ఉన్నాను. ఆ దాసీ పిల్లకీ ఒక తల్లి ఉంటుంది కదా అని ఆ డేరాలో ఒక్కరికీ తోచలేదు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో మేం అరిస్తే కథ మారేది. చావాల్సినవాళ్ళు బతికేవారు, స్టేజీ మీద మనిషి మన మాట విని, మన కళ్ళలోకి చూసి, మనకోసం అబద్ధమాడేవాడు. ఇప్పుడు ఈ పెట్టె ముందు మా వీధంతా కలిసి అరిచినా లోపలివాళ్ళు తలైనా తిప్పరు. ఆ డేరా లేదు, చాపల మీద ఒకరి భుజం మీద ఒకరు వాలి ఏడ్చే ఆ జనమూ లేరు. ఒకే గదిలో ఉన్నా ఎవరి కుర్చీల్లో వాళ్ళం. ఎవరు ఎవరిని తీసేశారో, ఎందుకు తీసేశారో అడగడానికి మేనేజరు అరుగు మీద కూలబడి ఉండడు.

మా వదిన మర్నాడు పొద్దున్న బస్సెక్కుతూ కూడా పాత పిల్లే బాగుందంది. అనదా మరి, ఆవిడెప్పుడూ పాత పిల్లే! కానీ నిజం చెప్పొద్దూ, ఇప్పుడు నాకు ఆవిడ మీద కన్నా ఆ కొత్తపిల్ల మీదే ఎక్కువ కుళ్ళుగా ఉంది. ఎవరెంత తిట్టినా అదే చీర కట్టుకుని మళ్ళీ వస్తుంది, నాలుగుసార్లు చూస్తే వీళ్ళే అలవాటు పడతారు, దాని కష్టానికి కన్నీళ్ళూ పెట్టుకుంటారు. దానికి వచ్చే వారం అనేదొకటుంది.