పెళ్లి కార్డులకు చుట్టిన షీటు

రిటైర్ కావడానికి ముందటి ఎండాకాలం నేను జనగామలోని ఒక చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సులో ఫోర్‌మన్‌గా ఉన్నాను. భూపాలపల్లి నుంచి రజిత అనే అమ్మాయి ఒక పుస్తకం పని తెచ్చింది. ఆడవాళ్లను ప్రేమించిన ఆడవాళ్లు, మగవాళ్లను ప్రేమించిన మగవాళ్లు, హిజ్రాలు కలిసి రాసుకున్న కవితలవి. ఎవరూ వేయరని తామే వేసుకుంటున్నారు. ప్రూఫు చదువుతూ టీ చల్లారిపోయిన సంగతి కూడా గమనించకపోవడం నా సర్వీసులో అదొక్కసారే.

అందరివీ కలం పేర్లే. గూడూరు దగ్గరి తండాకు చెందిన మంగ్తి ఒక్కతే సొంత పేరు, తండా పేరు ఇచ్చింది. అచ్చు మొదలయ్యాక భయపడి ఫోన్ చేయించింది. మిషన్ ఆపి, ఆ పేజీ ఉన్న అచ్చు ప్లేటు మార్చి, ఆమెకూ కలం పేరు వేశాం. పాత షీట్లు వేస్టులోకి పోయాయి.

ప్రెస్సుల్లో పార్శిళ్లకు కొత్త కాగితం వాడరు. వేస్టు షీట్లే చుడతారు. మర్నాడు అదే తండాకు వెళ్లే పెళ్లి కార్డుల కట్టను నా చేతులతోనే చుట్టి పంపాను. తర్వాత చూస్తే, నేను చుట్టడానికి కాగితం తీసిన కుప్ప మీద మంగ్తి పేరున్న షీట్లే కనబడ్డాయి. రజితకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె తిట్టలేదు. "నడువన్నా, పోదాం" అన్నది.

మేం చేరేసరికే ఆలస్యమైంది. పెళ్లింటి ముందు ఆడవాళ్లంతా కూర్చున్నారు. కోయని షీటు మీద పేజీలు కొన్ని తలకిందులుగా ఉంటాయి. పెళ్లికూతురు దాన్ని తిప్పుతూ మంగ్తి కవిత చదివి, వాళ్ల లంబాడీ భాషలో చెబుతోంది. మంగ్తి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చదవడం అయ్యాక మంగ్తి నాయిన లేచి బయటికి వెళ్లిపోయాడు. తల్లి మాత్రం నా దగ్గరికి వచ్చింది.

"నా బిడ్డ రాసిందేనా గిది? కడమ కాయితాలు ఏవి?"

చెత్త కింద పారేసే కాగితం ముందు అంతమంది అంత నిశ్శబ్దంగా కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. మేం లేవబోతుంటే ఒక నడివయసు ఆవిడ రజిత చెవిలో, "బుక్కు అచ్చయినంక నాకొకటి ఇయ్యి అక్కా. ఇంటికి పంపకు, నేనే వస్త" అన్నది. మంగ్తి బస్సు దాకా వచ్చి, తన పేరే పెట్టమన్నది. మూడోసారి ప్లేటు చేశాం.

మంగ్తి నాయిన ఆ పెళ్లికి రాలేదని తర్వాత తెలిసింది.

అంతా మంచికే జరిగిందని రజిత అంటుంది. నేను ఒప్పుకోను. ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో మంగ్తి తేల్చుకోవాల్సిన మాటను నేను పార్శిలుకు చుట్టి పంపాను. మిగతావాళ్ల అసలు పేర్లున్న రాతప్రతులన్నీ పని కాగానే రజిత చేతికిచ్చి, ప్రెస్సులో ఒక్క కాగితం మిగలలేదని ఆమెకే చూపించాను. అచ్చేసే పని మాది. పేరు బయటపెట్టే రోజు మాత్రం రాసినవాళ్లది.