దీవెన మార్చని పాస్‌వర్డ్

దీవెనకు కోపం వస్తే అరవదు. అరిచేవాళ్ల కోపం కాఫీ చల్లారేలోపు దిగిపోతుంది. దీవెనది ఊరగాయ లాంటిది, జాడీలో ఎన్నాళ్లుంటే అంత ఊరుతుంది.

రేపల్లెలో లూథరన్ చర్చికి జీవితమంతా హార్మోనియం వాయించిన అబ్రహాము గారి కూతురామె. తండ్రి పోయాక ఆ పెట్టె ముందు తనే కూర్చుంది. ఆదివారం చర్చి, మిగతా వారమంతా తెనాలిలో ఒక ప్రైవేటు స్కూలు. అక్కడ పసిపిల్లలకు పాటలు నేర్పి, సాయంత్రం పాసింజరెక్కి, సగం రోజులు భట్టిప్రోలు దాకా నిలబడే ఇంటికొచ్చేది. ఆమెకు ఒకటే కోరిక. బాపట్లలో ఒక మిషన్ హైస్కూలు ఉంది. అక్కడ సంగీతానికి విడిగా గది ఉంది, గదిలో పియానో ఉంది. ఆ పియానో గురించి అబ్రహాము గారు చెబుతుండగా విని పెరిగింది. ఆయన చెయ్యి ఎన్నడూ దాని మీద పడలేదు. తన చెయ్యి పడాలి, అంతే.

2006లో ఆ స్కూల్లో సంగీతం టీచరు రిటైరయ్యారు. దీవెన దరఖాస్తు పెట్టింది. పిలుపు ఈ-మెయిల్లో వస్తుందన్నారు. తెనాలి స్టేషను దగ్గర నాసిర్ నడిపే నెట్ సెంటర్లో ఆమెకు అప్పటికే ఈ-మెయిల్ ఉంది. అదే పోస్టుకు దరఖాస్తు పెట్టిన కుసుమకుమారికి కూడా అక్కడే, దీవెనే పక్కన కూర్చుని ఖాతా తెరిచిపెట్టింది. కుసుమ చర్చి గానబృందంలో ముందు వరసలో పాడుతుంది. సండేస్కూలు నాటి నేస్తం. నేస్తం కాకపోతే ఇంత కథ ఎందుకు?

పాస్‌వర్డ్ దగ్గర కుసుమ ఆగింది.

"ఏం పెట్టనే? రేపటికి మర్చిపోతా."

"నాలాగా వాగ్దానం పెట్టుకో. ఎలా మర్చిపోతావు?" అంది దీవెన.

జనవరి ఒకటిన ఆరాధనలో ఒక్కొక్కరే ముందుకెళ్లి పళ్లెంలోంచి ఒక కార్డు తీసుకుంటారు. అందులో ఉన్న వచనమే ఆ ఏడాదికి వాళ్ల వాగ్దానం. పాస్టరు అయ్యగారు దాన్ని మైకులో చదువుతారు. ఇంటికెళ్లి ఫ్రేము కట్టి గుమ్మం మీద తగిలిస్తారు. దీవెన ఏటా ఆ వచనం అధ్యాయం, వరస అంకెలనే పాస్‌వర్డ్‌గా పెట్టుకునేది. దేవుడే కాపలా ఉంటాడనుకుంది. ఇంటికి తాళం వేసి, తాళంచెవి సంగతి మైకులో చెప్పించుకునే భక్తురాలికి దేవుడు మాత్రం ఏం చేస్తాడు?

పిలుపు రాలేదు. లాటరీ తగిలిందనే మెయిళ్లు, ఎవరో విదేశీ రాణిగారి ఆస్తి పంచుకోమనే మెయిళ్లు కుప్పలుగా వచ్చాయి. ఆ చెత్తలో తన పిలుపు ఎక్కడైనా పడిపోయిందేమోనని రోజూ వెతికింది. ఈలోపు బాపట్ల ఉద్యోగం కుసుమకు వచ్చిందని చర్చిలో ప్రకటించారు. దీవెన చప్పట్లు కొట్టింది. ఆ రోజు హార్మోనియం కూడా తనే వాయించింది.

ఆ సోమవారం నాసిర్ దగ్గర కూర్చుని గోడు వెళ్లబోసుకుంది. అతను కుర్రాడు, ఓపికగలవాడు.

"తీసేసిన మెయిళ్లు చూశావా అక్కా? అవి వేరేచోట ఉంటయ్" అని తెరిచి చూపించాడు.

పిలుపు అక్కడుంది. దాని కింద దీవెన పేరుతో వెళ్లిన జవాబు కూడా ఉంది. ఇంట్లో ఒప్పుకోవడం లేదట, ఉద్యోగానికి రాలేనని, క్షమించమని అంటోంది.

"నీ పాస్‌వర్డ్ ఎవరికన్నా చెప్పావేంటి?"

"ఎవరికీ చెప్పలేదు నాసిర్" అంటుండగానే దీవెనకు మైకులో అయ్యగారి గొంతు వినిపించింది. ఆ వెంటనే ఇదే కుర్చీ పక్కన కూర్చుని నవ్విన కుసుమ మొహం గుర్తొచ్చింది. ఒళ్లంతా మండిపోయింది.

"ముందు పాస్‌వర్డ్ మార్చెయ్ అక్కా."

"మార్చను."

నాసిర్ బిత్తరపోయాడు. దీవెన మార్చలేదు. రోజూ వచ్చి చూసేది. తను తెరవని మెయిళ్లు తెరిచి ఉండేవి. అంటే కుసుమ ఇంకా వస్తూనే ఉంది. ఉద్యోగం దొరికినా దొంగకు భయం పోలేదు, హెడ్మిస్ట్రెస్ మళ్లీ ఎక్కడ పిలుస్తుందోనని.

కుసుమ తాళంచెవి కూడా దీవెనకు తెలుసు. ఒకరోజు కోపం వేళ్ల దాకా వచ్చింది. కుసుమ పేరుతో ఓ రాజీనామా కొట్టి పారేస్తే చాలు. ఆగిపోయింది. మంచితనం అడ్డొచ్చి కాదు. చాటుగా కొట్టిన దెబ్బ ఎవరికి కనిపిస్తుంది? ఎదురుగా నిలబెట్టి కొట్టాలి.

బాపట్ల వెళ్లింది. హెడ్మిస్ట్రెస్ వరమ్మగారు ఆమె తెచ్చిన ఆ జవాబు ప్రింటు చూసి పెదవి విరిచారు.

"ఇది నువ్వు రాయలేదని నేనెట్లా నమ్మాలమ్మా?"

"నమ్మొద్దండి. నన్ను మీ ఎదురుగా కూర్చోబెట్టుకోండి. కుసుమ పని మీకు నచ్చలేదని, వెంటనే వచ్చి కలవమని నాకో మెయిలు పంపండి. నా చేతులు ఈ బల్ల మీదే ఉంటాయి."

వరమ్మగారు తలుపు వేయించి మెయిలు పంపారు. దీవెన రెండు చేతులూ బల్ల మీద పరిచి కూర్చుంది. మధ్యాహ్నం అన్నాల గంట కొట్టారు. పిల్లల గోల సద్దుమణిగింది. అప్పుడు వరమ్మగారి కంప్యూటర్లోకి జవాబు వచ్చి పడింది, దీవెన పేరుతోనే. తనకు పెళ్లి కుదిరిందట, ఇక పిలవవద్దట.

దీవెన తన చేతుల వంక చూసుకుని నవ్వింది. అంత తీపి నవ్వు ఆమె జన్మలో నవ్వలేదు.

ఇద్దరూ కంప్యూటర్ల గదికి నడిచారు. కుసుమ ఒక్కతే ఉంది, క్యారేజీ మూత కూడా తియ్యలేదు. తెర మీద దీవెన మెయిలు ఇంకా తెరిచే ఉంది.

"ఏమే కుసుమా, నాకు పెళ్లి కుదిరిందని నాకంటే ముందు నీకే తెలిసిందే! పెళ్లికొడుకెవరో కూడా చెప్పు, వరమ్మగారు వింటారు" అంది దీవెన.

కుసుమ తెరకు చెయ్యి అడ్డం పెట్టింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. దీవెన పట్టింది.

ఉద్యోగం దీవెనకు వచ్చింది. పియానో మీద ఆమె చెయ్యి పడింది. ఆ తర్వాతి జనవరి ఒకటిన కుసుమ వాగ్దానం కార్డు తీసుకుని, అయ్యగారికి ఇవ్వకుండా మడిచి పర్సులో పెట్టుకుంది. ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర దీవెన చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

"క్షమించవే."

"క్షమించాన్లే. పద, పొద్దుపోతోంది" అంది దీవెన, అందరూ వినేట్టు.

మర్నాడు తెనాలిలో నాసిర్ కుర్చీ జరిపి, "ఈసారన్నా ఎవరూ ఊహించంది పెట్టక్కా" అన్నాడు. దీవెన అతణ్ణి అటు తిరగమని, కుసుమకుమారి పేరు కొట్టింది. దాని పక్కన ఆమె దొరికిపోయిన తేదీ కొట్టింది. దీవెన రోజూ ఆ పేరు తలుచుకుంటుందని రేపల్లెలో ఎవరూ కలగనరు.

ఆ తర్వాత ఏటా వాగ్దానం మారింది, పాస్‌వర్డ్ మారలేదు. పొద్దున్నే పియానో మూత ఎత్తకముందు, ప్రార్థన కూడా చేయకముందు, ఆమె ఆ పేరును ఒక్కో అక్షరం కొడుతుంది. మెయిలు పెట్టె తెరుచుకుంటుంది. కుసుమను మరిచిపోయిన రోజున అది తనకు కూడా తెరుచుకోదు. దీవెన మరిచిపోదు.