ఫ్యూజు బదులు రాగి తీగ

నేను టాటానగర్ రైల్వే యార్డులో ఎలక్ట్రీషియన్‌ని. పనిలో కొత్తగా చేరినవాళ్లకు మొట్టమొదట చెప్పేది ఒకటే. ఫ్యూజు ఎందుకు పోయిందో చూడకుండా దాని బదులు తీగ వెయ్యొద్దని.

మూడేళ్ల కిందట జనవరిలో, మా అమ్మాయిని రైల్వే ఉద్యోగ పరీక్షకు మా పాత కారులో తీసుకెళ్తున్నాను. వయసు దాటిపోతోంది, తనకదే ఆఖరి అవకాశం. పొద్దున్నే దట్టంగా మంచు. దారిలో హీటరు ఫ్యాను ఆగిపోయి, అద్దమంతా ఆవిరి పట్టి రోడ్డు కనబడలేదు. ఫ్యూజు మార్చాను. వెంటనే పోయింది. ఇంకోటి లేదు. టైమైపోతోందని ఆ చోట రాగి తీగ చుట్టి పెట్టేశాను. ఫ్యాను మూలుగుతూ తిరిగింది.

“నాన్నా, ఏటో కాలిన వాసనొత్తంది,” అంది.

“ఏటీ అవదమ్మా, వచ్చీసాం,” అన్నాను.

దారిలో గోవింద్‌పూర్ ఊరు చేరకముందే డ్యాష్‌బోర్డులోంచి పొగ లేచింది. నేను బ్యాటరీ తీగ పీకేలోపే లోపలి వైర్లన్నీ కరిగిపోయాయి. ఆ మంచులో ఆటో దొరికి వెళ్లేసరికి పరీక్ష కేంద్రం గేటు వేసేశారు. గేటు పట్టుకుని బతిమాలాను. తీయలేదు.

“రహనే దో, వదిలేయ్ నాన్నా, ఇంటికెల్దాం,” అంటూ మా అమ్మాయి హాల్ టికెట్టు మడిచి బ్యాగులో పెట్టుకుంది.

తర్వాత మెకానిక్ విప్పితే, ఫ్యాను రెక్కల్లో ఎలుక పోగేసిన గుడ్డపేలికలు బయటపడ్డాయి. వాటిని తీసేస్తే సరిపోయేది.

అమ్మాయి ఇప్పుడు బట్టల కొట్లో పనిచేస్తోంది. ఇన్నేళ్లలో నన్ను ఒక్క మాట అనలేదు. అనేస్తే బాగుండును.