పైగది తాళం, అక్క పసుపు

బడిలో పిల్లలకు ఇరవై ఏళ్లుగా ఒకే మాట చెబుతున్నాను: ప్రశ్న రెండుసార్లు చదివాకే జవాబు మొదలుపెట్టండి. చదవకుండా రాసినవాడి పేపరు మీద ఎర్రసిరాతో సున్నా చుట్టడంలో నాకు కాస్త ఆనందం కూడా ఉంది, దాచుకోను. అలాంటి నేను నా సొంతింటి బీమా కాగితం చదవలేదు. ఆర్మూర్‌లో ఇల్లు కట్టుకోవడానికి బ్యాంకు లోన్ ఇచ్చినప్పుడు, దాంతోపాటే చేతిలో పెట్టిన పాలసీ అది. సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించారు, పెట్టాను. ఇంటికొచ్చాక ఆ కాగితాల కట్ట బీరువాలో పట్టుచీరల కిందికి పోయింది.

చదవలేదు గానీ, దాని గురించి చెప్పుకోవడం మాత్రం ఏనాడూ మానలేదు. పెళ్లిలో భోజనాల వరుసలో కూర్చున్నా, సెలూన్‌లో గడ్డం ముందుకు చాపినా, ఎలాగోలా మాట అక్కడికే తెచ్చేవాణ్ని. "మా ఇంటికి ఇన్సూరెన్స్ ఉన్నది. పిడుగు పడ్డా ఫికర్ లేదు." నా భార్య వినీ వినీ విసిగిపోయి, "గా కాగితానికి ఫ్రేము గట్టించి దర్వాజ మీద పెట్టుండ్రి, ఎల్లమ్మ తల్లి పటం పక్కపొంటి" అంది ఒకరోజు.

మా అక్కది వేల్పూర్. బావ లారీ మీద ఉంటాడు కాబట్టి వ్యవసాయమంతా ఆమెదే. పసుపు తవ్వించే రోజుల్లో అక్క ముఖం చూస్తే నాకు భయం వేసేది. తవ్విన పసుపును ఉడకబెట్టాలి, దానికి బాయిలర్ కావాలి, అది ఉన్నవాడి దగ్గర వంతు పట్టాలి. వాడేమో "రేపు", "ఎల్లుండి" అంటూ తన చుట్టాల పసుపు ఉడికించుకునేవాడు. అక్క కుప్ప పక్కనే మంచం వేసుకుని, వాడి ఏడుతరాలనూ తలుచుకుంటూ కాచుకునేది. ఈసారి మాత్రం పట్టు పట్టింది. నిరుటిదీ ఈ ఏటిదీ కలిపి, రేటు వచ్చినప్పుడు ఒక్కసారే అమ్మి, తనే బాయిలర్ కొంటానంది. ఇక ఎవడి వాకిట్లోనూ నిలబడనంది.

అంతవరకు పసుపు ఎక్కడ పెట్టాలన్నదే సమస్య. వాళ్లది పెంకుటిల్లు. వాన వస్తే ఇంట్లో బిందెలు చాలవు. నాకు వెంటనే ఛాతీ పొంగింది.

"మా పైగదిల పెట్టు అక్కా. స్లాబు మీద రేకులేసి కట్టిన గది ఖాళీగనే ఉన్నది. పైంగ ఇన్సూరెన్స్ ఉన్న ఇల్లు."

"పసుపుకు గూడ అస్తదారా?"

"ఇంటికి ఉన్నదంటే ఇంట్ల ఉన్నదానికి ఉన్నట్టే గదనే!"

ప్రశ్న రెండుసార్లు చదవడం మాట దేవుడెరుగు, నేను ఒక్కసారి కూడా చదవకుండా జవాబు రాసేశాను. అక్క నన్ను నమ్మింది. ఆ వారంలోనే ట్రాక్టరు మీద ముప్పై బస్తాలు మా పైగదికి ఎక్కాయి. ఇల్లంతా పసుపు వాసన. మా మంచినీళ్లకు కూడా ఆ వాసనే అంటుకున్నట్టు ఉండేది.

ఏప్రిల్ మధ్యలో ఒక సాయంత్రం సిద్దులగుట్ట మీదుగా మబ్బు నల్లగా దిగింది. గాలి, దాని వెనకే రాళ్లవాన. పావుగంటలో అంతా అయిపోయింది. మేడమీద పిట్టగోడ ఒకవైపు పూర్తిగా కూలింది. కిటికీ అద్దాలు పగిలాయి. పైగది రేకులు సగం లేచిపోయి, ఒకటి వీధి చివరి కిరాణా దుకాణం ముందు పడింది. బస్తాల్లో పై వరుసలు తడిసి ముద్దయ్యాయి, కింది వరుసలకు చెమ్మ పాకింది.

ఫోన్ చేస్తే అక్క గంటలోపే ఆటో దిగింది. వస్తూనే కొంగు బిగించి మెట్లెక్కబోయింది. నేను అడ్డం నిలబడ్డాను.

"ముట్టుకోకు! కంపెనీకి ఫోన్ జేసిన. సర్వేయర్ అచ్చి నష్టం చూసేదాక ఎక్కడియి అక్కడనే ఉండాలె."

అలా ఉండాలని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. యాక్సిడెంటైన బండిని పోలీసులు వచ్చేదాకా కదపకూడదని విన్నాను, ఇదీ అంతే అనుకున్నాను.

"తడి పసుపు రా తమ్మీ! రెండు రోజులు గిట్లనే ఉంటె బూజు పడుతది. తెల్లారంగనే ఎండల పొయ్యాలె."

"ఎండబోస్తే నష్టం ఏడ కనిపిస్తది? పైసలెవ్వలిస్తరు?"

"నీ పైసలు నాకెందుకురా, నా పసుపు నాకు దక్కనియ్యి!"

నా గొంతూ లేచింది, ఆమె గొంతూ లేచింది. పక్కింటివాళ్లు తొంగి చూశారు. చివరికి నేను ఫోన్‌లో ఫొటోలు తీసి, రేకులు లేచిపోయిన చోట టార్పాలిన్ పరదా కప్పించి, పైగదికి తాళం వేసి, తాళపుచెవి జేబులో వేసుకున్నాను. అక్క ఒక్క మాట కూడా అనకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. గెలిచాననుకున్నాను. యాభై ఏళ్లుగా ఆమెకు తమ్ముణ్ని, అక్క మాట్లాడకుండా ఊరుకుందంటే దాని అర్థం ఏమిటో నాకు తెలిసి ఉండాల్సింది.

అవి ఒంటిపూట బళ్లు. పొద్దున ఏడింటికి వెళ్లి, మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చేవాణ్ని. ఆ రెండు రోజులూ అన్నం తిని, వాకిట్లో కుర్చీ వేసుకుని, సర్వేయర్ ఫోన్ కోసం ఎదురు చూశాను. ఆ కాలంలో మా వీధిలో ఏ మేడ చూసినా పసుపు ఆరబోసే ఉంటుంది. మెట్ల మీదినుంచి చూస్తే పక్కింటి స్లాబు నిండా కూడా పరిచి ఉంది. అది చూసి అక్కను పిలిచాను.

"చూడు అక్కా, పక్కింటోళ్ల పసుపు ఎంత కళగ ఉన్నదో. మనది కూడా గట్లనే ఉండె."

"అవురా" అంది అక్క. "మస్తు కళగ ఉన్నది."

నా భార్యకు ఎందుకో పొలమారి, నీళ్లకని లోపలికి పోయింది.

మూడోరోజు ఆదివారం. నిజామాబాద్ నుంచి సర్వేయర్ స్కూటీ మీద వచ్చింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు, హెల్మెట్ తీయకముందే "పసుపున్నట్టుందే ఇంట్ల" అంది. కూలిన పిట్టగోడ కొలిచింది, అద్దాలు లెక్కబెట్టింది, అన్నీ రాసుకుంది. ఇవి వస్తాయంది. గాలివానకు ఇంటికి జరిగిన నష్టం ఇంటి పాలసీలో ఉంటుందట. నా భార్య ఆశగా హాల్లో పెచ్చులూడిన గోడ చూపించింది.

"ఇది వానకు కాదమ్మా, ఎప్పటిసందో ఉన్న చెమ్మ. పాతబడ్డదానికి బీమా రాదు."

"అయితే రంగులు మనమే ఏసుకోవాల్నన్నట్టు" అని నా భార్య నిట్టూర్చింది.

పైగది దగ్గరికి వచ్చేసరికి ఆ అమ్మాయి నా పాలసీ కాగితాలు తిరగేసి తల ఊపింది. "ఈ గది పాలసీలనే లేదు సార్. తర్వాత కట్టుకున్నరు గద, కంపెనీకి చెప్పలే."

"పోనీ మేడం, రేకులు పోతె పోయినయి. లోపల పసుపున్నది. ముప్పై బస్తాలు. తడిసింది."

"అమ్మే సరుకు ఇంటి పాలసీల రాదు సార్. ఇంట్ల వాడుకునే సామానుకే."

"ఇంట్ల వాడుకునేదే మేడం! పసుపు లేకుంట కూరొండుతమా?"

ఆమె నన్ను తేరిపార చూసింది. "ముప్పై బస్తాలు ఎన్నేండ్లు తింటరు సార్?"

నా భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. నేను మాత్రం పట్టు వదల్లేదు. అది నాది కూడా కాదు, మా అక్కది అని చెప్పాను, దాంతో ఏదో ఒరుగుతుందన్నట్టు. వేరేవాళ్ల సరుకైతే అసలే రాదంది. అంతటితో కూడా ఊరుకోక, "మరి మీరొచ్చేదాక ముట్టొద్దని తాళమేసి పెట్టిన గద?" అన్నాను.

"ఎవలు చెప్పిన్రు సార్ గట్ల? ఫొటోలు దీసి, నష్టం పెరగకుంట చూసుకోవాలె. కాగితంల రాసే ఉంటది." ఆ పేజీ తీసి చూపించింది. నిజంగానే రాసి ఉంది. పాలసీదారు తన ఆస్తిని కాపాడుకోవడానికి తగిన జాగ్రత్త తీసుకోవాలని, చిన్న అక్షరాల్లో, స్పష్టంగా.

ఆ వాక్యం రెండుసార్లు చదివాను. రెండు రోజుల ఎండను నా తాళం మింగేసింది. ఇప్పటికి లోపల అంతా బూజు పట్టి ఉంటుంది. అక్క మళ్లీ ఎవడి బాయిలర్ ముందో మంచం వేసుకుని కూర్చుంటుంది, అది నా వల్ల. ఆమె వైపు చూడలేక గబగబా మెట్లెక్కి తాళం తీశాను. ఇప్పుడైనా ఎండలో ఆరబోద్దామని.

గదిలో మూడు బస్తాలున్నాయి.

"దొంగలు! దొంగలు పడ్డరు!" అని అరిచాను. వెంటనే సర్వేయర్ వైపు తిరిగాను. "మేడం, దొంగతనం ఉన్నదా పాలసీల?"

"దొంగలు లేరు, ఏం లేరు. జర మెల్లగ ఒర్రు" అంటూ అక్క పైకి వచ్చింది. కూలిన పిట్టగోడ దాటి, నేరుగా పక్కింటి స్లాబు మీదికి నడిచి, వంగి ఒక దోసెడు పసుపు కొమ్ములు తీసి నాకు చూపించింది. విరిస్తే టక్కుమంది. లోపల నారింజ రంగు. "వాన పడ్డ తెల్లారి నువ్వు బడికి పోంగనే పక్కింటోళ్లను అడిగి, ఇద్దరు కూలోళ్లను వెట్టి ఇటు మోపిచ్చినం. గోడ కూలుడు మంచిగైంది, దిగి ఎక్కే పని లేకపాయె."

"తాళం?"

"రెండో చెవి నా తాన ఉండె" అంది నా భార్య, ఎటో చూస్తూ.

"మరి గీ మూడు బస్తాలేంది?"

అక్క నా ముఖంలోకి చూసింది. కోపం లేదు, ఎగతాళి కూడా లేదు. "నీ మాట నిజమైతదేమో అని. నా తమ్ముడు సదువుకున్నోడు గద, ఉత్తగనే చెప్పడు అనుకున్న. సర్వేయరమ్మ అస్తె చూపెట్టనీకి నీకు కొన్ని ఉండాలె గద."

సిగ్గుతో నా తల నేలలోకి దిగిపోయింది, గుండె మాత్రం గాలిపటంలా తేలిపోయింది. సర్వేయర్ నోట్‌బుక్ మూసి, పక్కింటి స్లాబు మీదికి వెళ్లి ఒక కొమ్ము వాసన చూసింది. "మాది దొంకేశ్వర్ దిక్కు అక్కా. మా అమ్మ గూడ గిట్లనే చేసేది" అంది. అక్క ఆమెను అన్నం తినకుండా పోనివ్వలేదు.

ఆ మూడు బస్తాలూ బూజు పట్టి దండగయ్యాయి. "నీ ఇన్సూరెన్స్ ఖర్చు" అంటుంది అక్క, ఇప్పటికీ. పిట్టగోడకు, అద్దాలకు డబ్బులు వచ్చాయి. మిగతా పసుపును మరోసారి పాలిష్ పట్టించి, మంచి రేటుకు అమ్మి, అక్క బాయిలర్ కొంది. మరుసటి ఏడు మొదటి వంతు ఎవరిదో తెలుసా? ఆమెను అన్నేళ్లు నిలబెట్టినవాడిదే. వాడి బాయిలర్ అప్పుడే పాడైంది. అక్క వాణ్ని సరిగ్గా ఒక రోజు కూర్చోబెట్టి, చాయ్ పోసి, తర్వాత ఉడికించి ఇచ్చింది.

నేను పాలసీ మొత్తం చదివాను, ఎర్రపెన్ను చేత్తో పట్టుకుని. పైగదికి కొత్త రేకులు వేయించి, దాన్ని కూడా అందులో చేర్పించాను. కొత్త పసుపు రోజుల్లో అక్క వచ్చినప్పుడు మేడమీద కుర్చీ వేసి, ఏది వస్తుంది, ఏది రాదు, పేజీ పేజీ విప్పి చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "అంటే నా పసుపుకు రాదు" అంది.

"రాదక్కా."

"గిప్పుడు చెప్పినవ్ నిజం" అంది అక్క, లేచి కిందికి చూసి ట్రాక్టరువాడికి కేక వేసింది. "దింపుర్రి బస్తాలు!"

బస్తాలు మళ్లీ మా పైగదిలోనే ఉన్నాయి. తాళం వేసేది నేనే. రెండు తాళపుచెవులూ నా భార్య దగ్గర ఉంటాయి.