ఇంట్లో అడిగి చెప్తానన్న కారు

నా మాటల్లో సగం కొట్టేసి వినాలని కేరమ్ డౌన్స్ గుడి క్యాంటీన్‌లో పులిహోర తినేవాళ్ళందరికీ తెలుసు. రేస్ ట్రాక్ మీద నా స్పీడుకి జెండా ఊపే ఆయన టోపీ ఎగిరి పక్క సబర్బ్‌లో పడిందని వాళ్ళకి చెప్పేనాటికి నాకు ఉన్నది ఆఫీసు వాళ్ళిచ్చిన వ్యాను ఒక్కటే. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం ఎవరో ఒకరు, "అన్నా, టోపీ దొరికిందా?" అని అడుగుతారు. "ఇంకా వెతుకుతున్నార్రా," అంటాను.

ఆ తర్వాత ఇంటికొస్తే, సోమవారం పొద్దున ఆఫీసుకెళ్ళేదాకా నోరు విప్పే పని ఉండదు. మా ఆవిడా నేనూ విడిపోయి ఆరేళ్ళు. ఆమె సిడ్నీలో, క్వేకర్స్ హిల్‌లో ఉంటుంది. పిల్లలు లేరు. వారాంతాల్లో తిప్పడానికి, నెలకోసారి ట్రాక్ మీదికి తీసుకెళ్ళడానికి ఒక పాత జపాన్ స్పోర్ట్స్ కారు కొనుక్కుందామన్న బుద్ధి అందుకే పుట్టింది. ట్రాక్ దగ్గర ఎంత లేదన్నా పదిమంది ఉంటారు. కారు సంగతులైతే పరిచయం లేనివాళ్ళతోనైనా మాట్లాడుకోవచ్చు.

మొదటిది క్లేటన్‌లో చూశాను. సైలెన్సర్ మార్చేశారు. స్టార్ట్ చేస్తే ఆ వీధి కుక్కలు ఇళ్ళు ఖాళీ చేసి పోయేలా ఉంది. రెండోదానికి లోపలి కార్పెట్ ఎత్తితే తుప్పు కన్నంలోంచి రోడ్డు కనిపించింది. మూడోది ఒక ముసలాయన గరాజ్‌లో, దుప్పటి కింద ఉంది. ఎర్రది, టాప్ మడిచే రెండు సీట్ల బండి. మోకాళ్ళు సహకరించక అంత కిందికి వంగి కూర్చోలేకపోతున్నానని, అందుకే అమ్ముతున్నానని చెప్పాడు.

టైర్లు నాలుగూ సమానంగా అరిగాయి. ఇంజన్ ఇంకా వేడెక్కకముందే రెండో గేరు మెత్తగా పడింది. సర్వీసు పుస్తకంలో ఒక్క ముద్రా తప్పలేదు. నాకు బాగా నచ్చింది. నచ్చినట్టు ముఖంలో కనపడనివ్వకుండా, మనవాళ్ళందరూ బేరం చివర్లో తీసే ఆయుధం తీశాను.

"ఇంట్లో అడిగి చెప్తాను."

మన దగ్గర ఏ అమ్మేవాడికైనా దాని అర్థం తెలుసు. ఇంకాస్త తగ్గించమని. ఈయనకి తెలియదు.

"అడగాల్సిందే," అన్నాడు. "ఇద్దరు కూర్చునే కారు కదా. ఇప్పుడే ఫోన్ చెయ్యి మేట్, నాకేం తొందర లేదు."

అలా అని అక్కడే స్టూలు మీద కూర్చున్నాడు. ఇక తప్పదు. ఏ నంబరూ నొక్కకుండా ఫోన్ చెవికి పెట్టుకున్నాను. ఆవిడ వద్దని గొడవ చేసినట్టు, నేను బతిమాలుతున్నట్టు రెండు నిమిషాలు నటిస్తే ఆయనే దిగొస్తాడని నా లెక్క.

"ఇదిగో, కారు దగ్గరే ఉన్నా. ఆ, ఎర్రదే. రెండే సీట్లు. టాప్ తీస్తే జుట్టు రేగుద్దంటావేమో, స్కార్ఫ్ కట్టుకుందువుగానిలే. సముద్రం పక్క రోడ్డున పోదాం. దార్లో ఫిష్ అండ్ చిప్స్ తీసుకుంటే చేప నాకు, చిప్స్ నీకు." వద్దని ఆవిడ అనాల్సింది ఇక్కడే. ఆవిడ చేత అనిపించలేకపోయాను. "పొద్దున ఏమన్నా తిన్నావా? నేనా... నిన్నటి పప్పుంది. లేదులే, వేడి చేసుకునే తిన్నా. మోకాలికి ఆ బెల్టు వేసుకుంటున్నావా లేదా?"

ఎంతసేపు మాట్లాడానో నాకు తెలియదు. ఫోన్ జేబులో పెట్టుకునేసరికి ముసలాయన గోడవైపు తిరిగి, సర్దాల్సిన అవసరం లేని స్పానర్లు సర్దుతున్నాడు.

"ఏమంది?"

"కొనెయ్యమంది."

బేరం అంతటితో పోయింది. చెప్పిన ధరకే తీసుకున్నాను.

తాళాలిచ్చేముందు ఆయన పక్క సీటు తలుపు తీశాడు. "ఆమెకి సరిపోయేలా జరిపి ఇస్తాను. ఎంత ఎత్తుంటుంది?"

నేను ఏదో ఒకటి కల్పించేలోపే చెయ్యి దానంతటది లేచి, నా భుజానికి బెత్తెడు కింద ఆగింది. ఆయన మోకాలు పట్టుకుని మెల్లగా వంగి, సీటు రెండు మెట్లు ముందుకి జరిపాడు.

ఆ నెలలోనే మొదటిసారి ట్రాక్‌కి వెళ్ళాను. కొత్తవాళ్ళ పక్కన కూర్చుని నేర్పడానికి ఒక మనిషిని ఇస్తారు. నాకు వచ్చినాయన ఆరడుగుల పైమాటే. ఎలాగో దూరి కూర్చున్నాడు. మోకాళ్ళు డాష్‌బోర్డుకి తగిలాయి.

"దీన్ని కాస్త వెనక్కి జరపొచ్చా?" అని కింద మీట కోసం తడుముకున్నాడు.

"జరగదండీ," అన్నాను. "పట్టేసింది. కొన్నప్పట్నుంచీ అంతే."

పాపం, కాళ్ళు గడ్డం దాకా ముడుచుకునే మూడు రౌండ్లూ తిరిగాడు. దిగి, నడుము పట్టుకుని, మలుపుల్లో బ్రేకు ఇంకాస్త ఆలస్యంగా తొక్కమని చెప్పి వెళ్ళాడు.