తాలింపు బంద్

మేం దిగేసరికి మధ్యాహ్నం రెండు. చుట్టూ ఇసుక, పైన ఎండ, మధ్యలో మూడు గుడారాలు, వాటి పక్కన పాడైన లారీల వరుస. ఒక మిత్రదేశపు సైనికులకు ఆ లారీల మరమ్మతు నేర్పడం మా బృందం పని. డెబ్బైల నాటి మాట. అక్కడ యుద్ధం లేదు. వీరగాథ కోసం కూర్చున్నవాళ్లు ఇక్కడే లేచిపోవచ్చు.

నా కిట్టులో రెండు జతల యూనిఫాం, బూట్లు, నీళ్ల సీసా, రెంచీల పెట్టె. కిట్టు లెక్కలో రాయనిది ఒకటి ఎడమ భుజం మీద ఉంది. మశూచి టీకా పొక్కు. అప్పుడే ఎండి పక్కు కడుతోంది. ఎమ్మిగనూరులో మా అక్క దృష్టిలో మాత్రం అది అమ్మవారు. అమ్మవారిని సాగనంపకుండానే నేను గడప దాటాను.

అంతకు ముందు సెలవులో ఇంట్లో ఉండగా తంతి వచ్చింది. విదేశీ డ్యూటీ. దగ్గరి ఆసుపత్రిలో టీకాలు వేయించుకుని బొంబాయిలో రిపోర్టు చేయాలి. పొద్దున ఆరింటి బస్సుకు ఆదోని వెళ్లాను. ఊరంతా జిన్నింగు మిల్లుల దూది ఎగురుతోంది. ఆసుపత్రి చేరేసరికి భుజాల మీద తెల్లగా పేరుకుంది. కశ్మీరు పోస్టింగు రాకుండానే నా మీద మంచు పడింది.

టీకాల గది ముందు మక్కా యాత్రకు వెళ్లే పెద్దలు, గల్ఫ్ పనికి పోయే కుర్రాళ్లు. ఒక్కొక్కరి వెంట ఇంటిల్లిపాదీ వచ్చారు. నా వెంట నేనే వచ్చాను. టీకాలు వేసే ఆయన రెండు కొనల సూది తీసి గబగబా పొడిచాడు.

"తుపాకి పట్టినోడివి, కండ్లు మూసుకుంటాండావేం అప్పా?"

"తుపాకి అవతలి దిక్కుకు చూస్తాది కదన్నా," అన్నాను.

పొక్కు లేవకపోతే ప్రయాణం లేదన్నాడు. లేచింది. జ్వరాన్ని కూడా వెంటబెట్టుకుని లేచింది.

అక్క మగ్గం ఆపేసింది. గుమ్మానికి వేపమండ కట్టింది. తాలింపు బంద్, మాంసం బంద్, ఇంటికి మనుషులు రావడం బంద్. ఇది సర్కారు సూది అక్కా, అమ్మవారు కాదు అని చెప్పి చూశాను. మా అమ్మ పోయింది మశూచితోనే. అప్పటినుంచి నన్ను పెంచింది అక్కే, ఆ మగ్గం మీదే. ఆ ఇంట్లో మేమిద్దరమే. అందుకని ఎక్కువ వాదించలేదు. చప్పటి పప్పు తిన్నాను.

పక్కు రాలాలి. అక్క తన చేత్తో వేపాకు నీళ్లు తలమీద పోయాలి. అప్పుడే అమ్మవారు వెళ్లినట్టు. అందాకా గడప దాటకూడదు, దాటితే ప్రాణానికి ముప్పు. పక్కు రాలడానికి ఇంకా సమయం ఉంది. బొంబాయి రైలుకు లేదు.

"ఆయమ్మను పెట్టుకుని యాడికి పోతావురా?"

"ఆయమ్మకూ ఒక టిక్కెట్టు తీసుకుంటాలే."

అక్క నవ్వలేదు. "తిరిగొచ్చినాక నీళ్లు పోస్తా. నువ్వు రావాల," అంది.

ఎడారిలో తెలుగు మాట్లాడేది నేనొక్కణ్ణే. హిందీలోకి తిప్పేసరికి నా జోకులు దారిలోనే చచ్చేవి. సాయంత్రం లారీ కింద పడుకుని తెలుగులో ఒకటి వేసుకుని నేనే నవ్వేవాణ్ణి. ప్రేక్షకుడు ఒక్కడే అయినా గోల చేసేవాడు కాదు.

రోజూ ఆరింటికి మా వైర్‌లెస్ ఆపరేటర్ బేస్‌కు కబురు పంపేవాడు. ఒకరోజు చెప్పాల్సిందేమైనా ఉందా అని అడిగాడు. పక్కు రాలిందన్నాను. అలాగే పంపాడు. చివర్లో "ప్రాణనష్టం లేదు" అని తనే కలిపాడు.

ఆ సంగతే అక్కకూ రాశాను. పక్కింటి పంతులమ్మ చేత జవాబు రాయించింది. క్షేమం. నీళ్లు పోయాల. తర్వాత వచ్చిన ఉత్తరాలన్నిట్లోనూ అంతే. ఇక్కడ వారానికొక బకెట్టు నీళ్లే ఇస్తారు, నీ నీళ్లకోసమైనా వస్తాను అని రాశాను.

ఏడాది దాటాక డ్యూటీ ముగిసింది. ఎమ్మిగనూరు బస్టాండులో దిగి పెట్టె భుజానికెత్తుకుని మగ్గాల వీధిలోకి నడిచాను. మా గుమ్మానికి వేపమండ ఉంది. పచ్చిది. ఇప్పుడెవరికి అమ్మవారు పోసిందా అనుకున్నాను.

అక్క నన్ను లోపలికి రానివ్వలేదు. వాకిట్లో నిలబెట్టి వేపాకు నీళ్లు కుమ్మరించింది. ఫారిన్ వాచీ కూడా తడిసింది, అమ్మవారికి దిగుమతి సరుకంటే పడదేమో అన్నాను. అక్క గుమ్మానికున్న మండ విప్పి పారేసి పొయ్యి దగ్గరికి వెళ్లింది. ఉట్టి పప్పు చాలు, తాలింపు ఇంకెప్పుడైనా పెడుదువులే అన్నాను.

"ఇన్నాళ్లూ నేను ఉట్టిదే తింటి కదరా. ఆయమ్మను సాగనంపకుండా తాలింపు ఎట్లా పెడతాను?"

గోడ మేకుకున్న తాలింపు గరిటె తీసింది. గరిటె గుంటలో సాలెగూడు. దాని మీద దుమ్ము. అక్క కొంగుతో తుడిచి, నూనె పోసి, పొయ్యి మీద పెట్టింది. ఆవాలు చిటపటమన్నాయి.

ఎడారి ఎలా ఉంటుందని ఎవరడిగినా నాకు ముందు ఆ గరిటే కనిపిస్తుంది.